మంచు దాటి ఎక్కడికి? - బాబాయి రిటైర్మెంటు, నా ఎక్సెల్ షీటు

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మిన్నియాపోలిస్ నించి బాబాయి ఫోన్ చేశాడు. పిన్ని డ్రైవ్‌వేలో ఐసు మీద జారిపడింది. మణికట్టు విరిగింది. "చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడానికి వెళ్ళిందిరా, అంతే" అన్నాడు. కాసేపు ఆగి, "ఇంక ఇక్కడ చాలురా. నువ్వు కంప్యూటర్లో చూస్తావుగా, మేమిద్దరం ఉండటానికి ఏదైనా వెచ్చటి దేశం చూడు" అన్నాడు.

బాబాయికప్పుడు 66. పిన్నికి 64 దాటబోతున్నాయి. ముప్ఫై అయిదేళ్ళుగా అక్కడే ఉన్నారు. నేను 2010లో ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చి ఎయిర్‌పోర్టులో పల్చటి స్వెట్టరు వేసుకుని దిగితే, ఇంటికి కూడా వెళ్ళకుండా దారిలోనే ఆపి నాకు కోటు కొనిపెట్టింది వాళ్ళిద్దరే. అందుకని ఈ పని నాకు చాలా ఇష్టంగా మీద వేసుకున్నాను. సాఫ్టువేరు వాడికి ఏ సమస్య ఇచ్చినా మొదట చేసేది ఒకటే కదా, ఎక్సెల్ షీటు తెరిచాను.

ఆ షీటు ఏడాది పైన నడిచింది. మన వాళ్ళలో మొదటి తరం వచ్చిన చాలామంది ఇప్పుడు ఇదే వయసులో ఉన్నారు, ఇదే ప్రశ్న అడుగుతున్నారు. నేను నేర్చుకున్నవి, ముఖ్యంగా నేను చేసిన ఒక పెద్ద తప్పు, మీకు పనికొస్తాయని ఇది రాస్తున్నాను. నేను సీపీఏని కాను, లాయర్ని అంతకన్నా కాను. సంతకాలు పెట్టే ముందు వాళ్ళని తప్పకుండా అడగండి.

మొదటి షీటు: ఎండా, అద్దే

మొదట నేను పెట్టిన కాలమ్‌లు మూడే: జనవరిలో ఉష్ణోగ్రత, ఇంటి అద్దె, వీసా. మిన్నియాపోలిస్‌లో జనవరి సగటు సుమారు మైనస్ 9 డిగ్రీల సెంటిగ్రేడు. దాని పక్కన ఏ ఊరు పెట్టినా స్వర్గం లాగే కనపడుతుంది. చివరికి నాలుగు మిగిలాయి.

పనామా: నెలకి కనీసం వెయ్యి డాలర్లు జీవితాంతం వచ్చే పెన్షను ఉంటే "పెన్షనాడో" వీసా ఇస్తారు. భార్యకో భర్తకో కలిపితే ఇంకో 250 డాలర్లు చూపించాలి. మన సోషల్ సెక్యూరిటీ ఇందుకు లెక్కలోకి వస్తుంది. అక్కడ చలామణీలో ఉన్నది అమెరికా డాలరే. బయటి దేశాల్నించి వచ్చే ఆదాయం మీద పన్ను వెయ్యరు. భాష స్పానిష్.

పోర్చుగల్: పెన్షను లాంటి స్థిర ఆదాయం ఉన్నవాళ్ళకి "డీ7" వీసా ఉంది. ఒకప్పుడు అందరూ దీని గురించే చెప్పుకునేవారు, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళకి పన్నులో పెద్ద రాయితీ ఉండేది. 2024 నించి కొత్తవాళ్ళకి ఆ పాత పథకం మూసేశారు. పాత వ్యాసాలు చదివి లెక్కలు వేసుకునేవాళ్ళు ఇది గమనించాలి.

మలేషియా: "మలేషియా మై సెకండ్ హోమ్" అనే పథకం 2002లో మొదలైంది. మధ్యలో ఆపి, షరతులు బిగించి, 2024లో మళ్ళీ మార్చారు. ఇప్పుడు సిల్వరు తరగతికి కూడా లక్షన్నర డాలర్లు అక్కడి బ్యాంకులో డిపాజిట్ పెట్టాలి, కనీసం ఆరు లక్షల రింగిట్‌ల ఇల్లు కొనాలి. ఇష్టపడటానికి కారణాలూ ఉన్నాయి. రబ్బరు తోటల కాలంలో వెళ్ళిన మన తెలుగువాళ్ళు తరాలుగా అక్కడున్నారు, 1955 నించి వాళ్ళకి సంఘం ఉంది. ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది.

నాలుగోది విశాఖపట్నం. అది నేను పెట్టలేదు. షీటు పంపిస్తే బాబాయే అడుగున ఒక వరస కలిపి తిప్పి పంపాడు. ఉద్యోగం పేరు చెప్పి ఊరు వదిలిన మనిషి, రిటైర్మెంటు పేరు చెప్పి తిరిగి చూడటంలో వింతేముంది? జనవరిలో విశాఖలో పగలు 28, రాత్రి 18 దగ్గర ఉంటుంది. అయితే మే నెలలో ఆ ఉక్కపోతా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చేసిన బీభత్సమూ కూడా అదే వరసలో రాశాను. మంచు లేదంటే కష్టం లేదని కాదు.

పిన్ని షీటు చూసి ఒకే ఒక్క మాట అంది. "అన్నీ బాగానే ఉన్నాయి నాన్నా. ఇందులో మనుషుల కాలమ్ ఏదీ?"

పనామా, పోర్చుగల్ ఆ రోజే పోయాయి. కొన్నాళ్ళకి, ఆ డిపాజిట్ సంగతి తెలిశాక, మలేషియా కూడా పోయింది.

పిన్ని గ్రీన్‌కార్డు

ఇక్కడ నాకు తెలియని సంగతొకటి బయటపడింది. బాబాయి ఎప్పుడో సిటిజెన్ అయ్యాడు. పిన్ని కాలేదు. పాతికేళ్ళ పైగా గ్రీన్‌కార్డు మీదే ఉంది. ఎందుకని అడిగితే, విజయనగరం దగ్గర వాళ్ళ నాన్నగారు రాసిచ్చి పోయిన ఎకరంన్నర పొలం ఉంది. "అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే పొలం పోతుందిట కదా" అంది. ఆ మాట ఎవరో పెళ్ళిలో చెప్పారట, ఇన్నేళ్ళు నమ్మింది.

ఇది చాలామందికి ఉన్న భయం కాబట్టి వివరంగా చెప్తాను. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి, తోటలు, ఫార్మ్‌హౌసులు కొత్తగా కొనకూడదు. అంతవరకు నిజం. కానీ ఇండియాలో ఉన్న తండ్రి నించి వారసత్వంగా వచ్చిన భూమిని ఉంచుకోవచ్చు. విదేశీ మారక చట్టం అయిన ఫెమా, ఆరో సెక్షన్లో ఈ హక్కు ఉంది. అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. పొలం ఎక్కడికీ పోదు.

గ్రీన్‌కార్డుతోనే వెళ్ళి విశాఖలో స్థిరపడితే మాత్రం పోయేది ఆ గ్రీన్‌కార్డే. అది అమెరికాలో కాపరం ఉండేవాళ్ళకి ఇచ్చేది. రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి బయట ఉంటే తిరిగి రావడానికి అది పనికిరాదు. ఏడాదికొకసారి వచ్చి మొహం చూపించి వెళ్ళినా, నివాసం వదిలేశారని ఎయిర్‌పోర్టులో ప్రశ్నించవచ్చు. రీఎంట్రీ పర్మిట్ మామూలుగా రెండేళ్ళకి ఇస్తారు, దానికి అమెరికాలో ఉండగానే అప్లై చెయ్యాలి. పోనీ కార్డు వదిలేద్దామంటే, గడిచిన పదిహేనేళ్ళలో ఎనిమిదేళ్ళు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి అమెరికా "ఎగ్జిట్ టాక్సు" రూల్సు వర్తిస్తాయి. ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే అది నిజంగా కట్టాల్సి రావచ్చు. అందరికీ పడదు, కానీ ఫారాలు అందరికీ ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, రేపు బాబాయికి ఏదైనా అయితే పిన్ని కూతురి దగ్గరికి, షికాగోకి, వీసా అడుక్కుని రావాలి. ఈ మాట నేను పిన్నికి ఫోన్లో చెప్పలేకపోయాను. ఈమెయిల్లో రాశాను. రెండు రోజుల తరవాత ఒక్క లైను జవాబొచ్చింది: "సిటిజెన్‌షిప్ ఫారం పంపించు."

ఓసీఐ గురించి రెండు మాటలు. ఇది 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైంది. 2015లో పాత పీఐఓ కార్డుల్ని ఇందులో కలిపేశారు. జీవితాంతం వీసా అక్కర్లేదు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు లేదు. అమెరికా పౌరసత్వం ప్రమాణం చేసిన క్షణంలోనే ఇండియా పౌరసత్వం పోతుంది కాబట్టి ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చెయ్యకూడదు. దాన్ని సరెండర్ చేసి, ఓసీఐ వచ్చేదాకా ఆగాలి, లేదా వీసా తీసుకోవాలి. ప్రమాణం అయిన వారానికి టిక్కెట్టు కొని చిక్కుల్లో పడకండి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు అసలు కథ. మెడికేరు అమెరికా బయట పనిచెయ్యదు. ఏవో అరుదైన మినహాయింపులు తప్ప, విశాఖలో ఆసుపత్రి బిల్లుకి అది ఒక్క డాలరు ఇవ్వదు. కొన్ని మెడిగ్యాప్ పాలసీలు ప్రయాణంలో ఎమర్జెన్సీకి కొంత ఇస్తాయి కానీ, అది ప్రయాణం మొదటి 60 రోజులకే, జీవితం మొత్తానికి 50 వేల డాలర్ల పరిమితితో.

మెడికేరులో పార్ట్ ఏ, అంటే ఆసుపత్రి భాగం, పదేళ్ళు పనిచేసి టాక్సు కట్టినవాళ్ళకీ వాళ్ళ భార్యలకీ ప్రీమియం లేకుండా వస్తుంది. పార్ట్ బీ, అంటే డాక్టర్ల భాగం, నెలనెలా డబ్బు కట్టాలి. 2025లో అది మామూలుగా మనిషికి 185 డాలర్లు. ఇద్దరికీ ఏడాదికి 4,440 డాలర్లు. నేను తెలివిగా షీట్లో "పొదుపు" అని ఒక కాలమ్ పెట్టి ఆ అంకె అందులో వేశాను. "బాబాయ్, అక్కడ పనికిరాని ఇన్సూరెన్సుకి డబ్బు కట్టడం దండగ. నువ్వు పార్ట్ బీ మానెయ్యి, పిన్ని అసలు చేరక్కర్లేదు" అన్నాను. బాబాయి సంతోషించాడు. రద్దు చెయ్యడానికి ఫారం కూడా తెచ్చుకున్నాడు.

అదృష్టం కొద్దీ, పిన్నికి 65 నిండే తేదీ కోసం మెడికేరు పుస్తకం తీసి చదువుతుంటే జరిమానా పేజీ కంట పడింది. పార్ట్ బీలో ఉండాల్సినప్పుడు లేని ప్రతి పన్నెండు నెలలకీ ప్రీమియం పది శాతం పెరుగుతుంది. అది ఒక ఏడాది కట్టి వదిలించుకునే జరిమానా కాదు, పార్ట్ బీ ఉన్నన్నాళ్ళూ కట్టాలి. అయిదేళ్ళు విశాఖలో ఉండి వెనక్కొస్తే 185 కాస్తా 277 డాలర్ల 50 సెంట్లు అవుతుంది, అదీ ప్రీమియం అసలు పెరగదనుకుంటే.

డబ్బు కన్నా భయపెట్టింది ఇంకోటి. ఒకసారి వదిలేస్తే ఎప్పుడు పడితే అప్పుడు తిరిగి చేరడానికి లేదు. జనవరి 1 నించి మార్చి 31 లోపల అప్లై చెయ్యాలి, తరవాతి నెల నించి మొదలవుతుంది. ఒంట్లో బాగాలేక ఏప్రిల్లో తిరిగొచ్చారనుకోండి, మళ్ళీ ఫిబ్రవరిదాకా డాక్టర్ల బిల్లులు సొంతం. మనుషులు విదేశంలో రిటైర్మెంటు వదిలేసి ఎందుకు తిరిగొస్తారు? ఎక్కువసార్లు ఒంట్లో బాగాలేకే కదా!

ఆ రాత్రే ఫోన్ చేసి, "బాబాయ్, ఆ ఫారం చింపెయ్యి" అన్నాను. ఎందుకో చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "నువ్వు చూసుకున్నావు, చెప్పావు, అయిపోయింది" అన్నాడు. కానీ నేను ఆ రాత్రి నిద్రపోలేదు. షీట్లో ఆ కాలమ్ పేరు "పొదుపు" నించి "తిరిగొచ్చే దారి ఖర్చు" అని మార్చాను. ఇప్పటికీ అదే పేరు.

అందరూ పార్ట్ బీ కట్టాలని నా ఉద్దేశం కాదు. ఇంక తిరిగి రామని నిశ్చయించుకున్నవాళ్ళకి లెక్క వేరు. తిరిగొచ్చే అవకాశం ఏ కాస్త ఉన్నా, అది ఒక దారి మూసెయ్యకుండా ఉంచుకోవడానికి కట్టే అద్దె అనుకోండి.

ఇండియాలో ఇన్సూరెన్సు

ఇక్కడ కొన్ని మంచి మార్పులొచ్చాయి. 65 దాటినవాళ్ళకి కొత్త హెల్త్ పాలసీ దొరకదనే పాత మాట 2024లో మారింది, నియంత్రణ సంస్థ ఆ వయసు పరిమితి తీసేసింది. బీపీ, షుగరు లాంటి ముందునించీ ఉన్న జబ్బులకి ఆగాల్సిన కాలం గరిష్ఠంగా నాలుగేళ్ళ నించి మూడేళ్ళకి తగ్గింది. అంటే, వెళ్ళాక కాదు, వెళ్ళాలని అనుకున్నప్పుడే పాలసీ సంగతి చూసుకోవాలి. ఆ మూడేళ్ళు ముందు మొదలుపెడితే ముందే అయిపోతాయి. ఉన్న జబ్బు ఫారంలో దాచకండి. క్లెయిము తిరగ్గొట్టడానికి అదే మొదటి కారణం అవుతుంది.

సోషల్ సెక్యూరిటీ, పన్నులు

అమెరికా పౌరుడు ఇండియాలో ఉన్నా సోషల్ సెక్యూరిటీ ఆగదు. పౌరులు కానివాళ్ళకి ఆరు నెలలు దాటి బయట ఉంటే వేరే షరతులున్నాయి. బయట ఉన్నవాళ్ళకి అప్పుడప్పుడు "మీరు బతికే ఉన్నారా, వివరాలేమైనా మారాయా" అని ఒక ఫారం పంపిస్తారు. అది నింపి పంపకపోతే డబ్బు ఆగిపోతుంది. అడ్రసు మార్చడం మర్చిపోవద్దు.

రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం సోషల్ సెక్యూరిటీ మీద పన్ను అమెరికాకే, ఇండియా అడగదు. 401(కె), ఐఆర్ఏల సంగతి వేరు. ఎన్నో ఏళ్ళ తరవాత తిరిగి వెళ్ళినవాళ్ళకి ఇండియాలో మొదటి రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు, "రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్" అనే హోదా ఉంటుంది. ఆ కాలంలో బయటి ఆదాయం మీద ఇండియా పన్ను వెయ్యదు. అది అయిపోయాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించాలి. ఒకే ఆదాయానికి రెండుసార్లు కట్టకుండా క్రెడిటు ఉంటుంది కానీ, రిటర్నులు మాత్రం రెండు. అమెరికా పౌరుడు ఎక్కడున్నా అమెరికాకి రిటర్ను వెయ్యాల్సిందే.

మన వాళ్ళు ఎక్కువగా జారిపడే చోట్లు మూడు:

1. ఇండియా బ్యాంకు ఎక్కౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు పదివేల డాలర్లు దాటినా ఎఫ్‌బార్ వెయ్యాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా లెక్కే.

2. ఇండియా మ్యూచువల్ ఫండ్లు. అమెరికా వీటిని "పీఫిక్" అంటుంది. పన్ను ఎక్కువ, ఫారం ఇంకా ఎక్కువ. తెలిసిన వాళ్ళబ్బాయి అమ్మాడని కొనకండి.

3. తిరిగి వెళ్ళి స్థిరపడ్డాక ఎన్ఆర్ఈ ఎక్కౌంటు అలాగే ఉంచుకోవడం. హోదా మారిందని బ్యాంకుకి చెప్పాలి. డాలర్లలో ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ ఎక్కౌంటు ఉంది.

మూడు నెలల పరీక్ష

ఏ ప్రోగ్రామైనా టెస్టు చెయ్యకుండా ప్రొడక్షన్లో పెట్టం కదా. ఇల్లు అమ్మేముందు ఒక చలికాలం వెళ్ళి ఉండి రండి అన్నాను. 2025 జనవరి నించి మార్చి దాకా ఎం.వీ.పీ. కాలనీలో ఒక ఫ్లాటు అద్దెకి తీసుకున్నారు. చుట్టాలింట్లో ఉండొద్దని గట్టిగా చెప్పాను. చుట్టాలింట్లో ఉంటే మనం అతిథులం, ఊరు మనకి నిజం చెప్పదు.

ఊరు నిజమే చెప్పింది. పిన్నికి కూరగాయలు, గుడి, సీతమ్మధారలో ఉన్న చెల్లెలు, ప్రాణం లేచొచ్చింది. బాబాయి పొద్దున్నే బీచి రోడ్డు మీద నడిచి, నెలకే బీపీ తగ్గిందన్నాడు. ఇంకోవైపు, ఫుట్‌పాతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలీదు. ఐసు మీద పడిన మనిషి గతుకుల్లోనూ పడగలదు. లిఫ్టు ఆగిన రోజు మూడో అంతస్తు ఎక్కడానికి బాబాయి రెండుసార్లు కూర్చున్నాడు. అక్కడ పొద్దున్న అయితే షికాగోలో రాత్రి. మనవరాలు స్కూలు నించి వచ్చే వేళకి పిన్ని అలారం పెట్టుకుని తెల్లవారుజామున లేచేది. "ఫోన్లో పాప ఎదుగుతోందిరా, నా ఒళ్ళో కాదు" అంది ఒకరోజు.

తిరిగొచ్చాక ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు కుదిరింది ఇది: నవంబరు నించి మార్చి దాకా విశాఖ, మిగతా కాలం మిన్నియాపోలిస్. మొత్తం 151 రోజులు. ఇండియాలో ఆదాయం పెద్దగా లేని ప్రవాసులకి 182 రోజులకన్నా తక్కువ ఉన్నంతవరకు అక్కడ రెసిడెంటు హోదా రాదు. ఇండియా ఆదాయం 15 లక్షల రూపాయలు దాటితే ఆ హద్దు 120 రోజులు, అది చూసుకోండి. మెడికేరు అలాగే ఉంటుంది, పిన్ని గ్రీన్‌కార్డుకీ ఢోకా లేదు. చిన్న ఇంట్లోకి మారి, మంచు తవ్వే బాధ్యత వేరేవాళ్ళదయ్యే చోట ఉంటారు. "వలస పక్షులు" అని మా చెల్లెలు పేరు పెట్టింది.

మే నెలలో పిన్నికి 65 నిండాయి. పార్ట్ బీలో చేరింది. జూన్‌లో సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసింది. 65 నిండి, గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు గడిపినవాళ్ళు 20 ప్రశ్నల చిన్న జాబితా చదువుకుంటే చాలు, కావాలంటే తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. మనవరాలు అడుగుతుంటే పిన్ని ఇంగ్లీషులోనే అప్పగించింది. ప్రమాణం చేసి, ఓసీఐ చేతికొచ్చేదాకా టిక్కెట్లు కొనొద్దని నేను చెప్పాను.

పూర్తిగా ఎప్పుడు వెళ్తారు, అసలు వెళ్తారా అన్నది ఇంకా తేలలేదు. తేలక్కర్లేదు కూడా. షీట్లో ఇప్పుడు ఉష్ణోగ్రత కాలమ్ చివరికెళ్ళింది. మొదటి కాలమ్ పిన్ని పెట్టించింది: "రాత్రి రెండింటికి ఒంట్లో బాగాలేకపోతే ఎవరొస్తారు?" విశాఖ వరసలో "చెల్లెలు, పది నిమిషాలు, 108" అని ఉంది. మిన్నియాపోలిస్ వరసలో "911, పక్కింటివాళ్ళు" అని ఉంది. బాబాయి దాని పక్కనే నా పేరు రాసి, బ్రాకెట్లో "డల్లాస్, రెండున్నర గంటల ఫ్లైటు" అని పెట్టాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి షీటు వేసేటప్పుడు ఆ కాలమ్‌తో మొదలుపెట్టండి.